గుట్టుగారి ఏడు ముక్కల తాళంచెవి

ఆయనకు తల్లిదండ్రులు పెట్టిన పేరు ఒకటి ఉండేది. జీతం కాగితం మీద తప్ప అది మరెక్కడా వాడకంలో లేదు. ఆఫీసులో అందరికీ ఆయన గుట్టుగారే. మొదట్లో చాటుగా అనుకునేవాళ్ళం. ఆ పేరు చెవిన పడ్డప్పుడల్లా ఆయన మీసం కింద చిన్న నవ్వు కదలడం చూశాక ధైర్యం వచ్చి ఎదుటే పిలవడం మొదలుపెట్టాం.

మా ఆఫీసు అంటే చెప్పుల దుకాణం మీది మేడలో రెండు గదులు. ముందు గదిలో నేనూ, ఫోనూ. లోపలి గదిలో గుట్టుగారు, ఆయనకు ఎదురుగా వద్దమ్మగారు, మూలనున్న అద్దాల గూట్లో యజమాని. కస్టమర్లు ఫోన్ చేసి తిట్టే తిట్లు వినడం నా ఉద్యోగం. సాఫ్ట్‌వేర్ రాయడం గుట్టుగారి ఉద్యోగం. రాసినదాన్ని పరీక్షించి "ఇది వద్దండీ" అనడం వద్దమ్మగారి ఉద్యోగం. ఆవిడ వద్దన్నవన్నీ చేయించడం యజమాని ఉద్యోగం.

గుట్టుగారు చెయ్యి నోటికి అడ్డం పెట్టుకోకుండా మాట్లాడగా నేను చూడలేదు. టైమెంతయిందండీ అని అడిగితే ముందు వెనక్కి చూసేవారు, తర్వాత వాచీ చూసేవారు, ఆ తర్వాత నా టేబుల్ మీదికి వంగి "పదకొండున్నర" అని గుసగుసలాడేవారు. ఆయన సొరుగుకు తాళం ఉండేది. అందులో ఏముందో అని మేమంతా ఎన్నో ఊహించుకున్నాం. ఒకరోజు ఆయనే తెరిచి తలనొప్పి మందు తీసుకుంటుంటే కనపడింది: ఒక దువ్వెన, ఒక గుండీల పొట్లం, అంతే. గుండీలను కూడా మా కంట పడనివ్వకుండా అరచెయ్యి అడ్డం పెట్టారు.

ఇది ఆఫీసుకు వచ్చాక పట్టుకున్న జబ్బు కాదట. ఆయన అక్కగారు ఒకసారి తమ్ముణ్ణి చూడటానికి వచ్చి నా ఎదుట కూర్చుని చెప్పారు. చిన్నప్పుడు దాగుడుమూతలాటలో దాక్కుంటే, ఆట ముగిసి పిల్లలంతా ఇళ్ళకు వెళ్ళి అన్నాలు తిని పడుకున్నా ఈయన బయటికి వచ్చేవాడు కాదట. "నాన్న వెతికి వెతికి పోలీస్ స్టేషన్‌కి వెళ్దామని చెప్పులేసుకున్నాక, మంచం కింద ట్రంకు పెట్టె వెనకనుంచి తుమ్మాడమ్మా. బయటికి లాగితే ఏమన్నాడో తెలుసా? నేను గెలిచానా అక్కా అన్నాడు!"

భార్యగారి కథ ఇంకా ముచ్చటైనది. పెళ్ళికి ముందు తొలిసారి మాట్లాడుకున్నప్పుడు, మీరేం ఉద్యోగం చేస్తారు అని ఆవిడ అడిగిందట. ఈయన అటూ ఇటూ చూసి, "బయటికి చెప్పకూడదు" అన్నారట. ఆవిడ ఏ గూఢచారి శాఖో అనుకుని, ఇంతటి సాహసవంతుడు దొరికాడని మురిసిపోయి ఒప్పుకుంది. పెళ్ళయిన వారానికి గుట్టు బయటపడింది: లాండ్రీ కొట్లకు బిల్లులు వేసే సాఫ్ట్‌వేర్. ఆవిడ అలిగి రెండ్రోజులు మాట్లాడలేదట. ఆయనకు ఆ సంగతే తెలియలేదట, మాట్లాడకపోవడం ఆయనకు మామూలే కదా.

ఆ లాండ్రీ సాఫ్ట్‌వేరే మాకు తిండి పెట్టేది. దుకాణంలో కంప్యూటర్‌ మీద దాన్ని ఎక్కించుకుంటే, ఏ బట్ట ఎవరిది, ఉతికారా, ఇస్త్రీ అయ్యిందా అన్నీ చూపిస్తుంది. బట్టలు సిద్ధం కాగానే ఒక మీట నొక్కితే మనిషి ఫోన్‌కు మెసేజ్ వెళ్తుంది: "మీ బట్టలు సిద్ధం, దయచేసి తీసుకెళ్ళండి." దుకాణదారులు ఈ మెసేజ్ కోసం చెవి కోసుకునేవాళ్ళు. ఇస్త్రీ చేసిన బట్టలు వారాలపాటు హేంగర్లకు వేలాడుతూ జాగా తినేయడం వాళ్ళకు పెద్ద బెడద.

ఈ మెసేజులు పంపేది మేము కాదు. దానికి వేరే కంపెనీ ఉంది. ఫలానావాళ్ళ తరఫున పంపు అని దానికి చెప్పాలంటే ఒక కీ చూపించాలి. కీ అంటే ఇనుపది కాదు, అక్షరాలూ అంకెలూ కలగాపులగంగా ఉండే ఒక పొడుగాటి మాట. ఆ మాట ఎవరు చెబితే వాళ్ళే మేమని ఆ కంపెనీ నమ్మేస్తుంది, మొహం చూడదు. అన్ని లాండ్రీలకూ కలిపి మాకు ఉన్నది ఒకే ఒక్క కీ. దాన్ని ఎక్కడ పెట్టాలన్నదే అప్పట్లో పెద్ద చర్చ. దుకాణాల్లో ఎక్కించే సాఫ్ట్‌వేర్ ప్యాకేజీలోనే పెట్టేస్తే పని తేలిక.

వద్దమ్మగారు ఒంటికాలి మీద లేచారు. "వద్దండీ. ఈ ప్యాకేజీ కొన్నవాడి దగ్గరికి వెళ్ళిపోతుంది. అందులో కీ పెడితే కీ కూడా వాడి దగ్గరికే వెళ్ళిపోతుంది. కీ మన దగ్గరే ఉంచుదాం. దుకాణాలు మనల్ని అడుగుతాయి, మనం చూసి ఆ కంపెనీకి చెబుదాం."

"అంటే మన దగ్గర ఓ కంప్యూటర్ ఎప్పుడూ నడుస్తూ ఉండాలా?" అన్నారు యజమాని అద్దాల గూట్లోంచి తల బయటపెట్టి.

"ఉండాలండీ."

"అది ఆగితే ఫోన్లు మనకే వస్తాయా?"

"వస్తాయి."

"వద్దు," అన్నారు యజమాని. ఆ మాట ఆవిడ నోట కాక ఇంకొకరి నోట వినడం మాకు అదే మొదటిసారి.

గుట్టుగారు గొంతు సవరించుకున్నారు. కుర్చీలోంచి లేచి, కిటికీ తెర లాగి, చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, "సార్, నేను దాచేస్తాను," అన్నారు.

అలా అన్నప్పుడు ఆయన మొహంలో వెలుగు చూడాల్సింది. ఇన్నేళ్ళూ దువ్వెననూ గుండీలనూ దాచి దాచి విసిగిపోయిన మనిషికి దాచడానికి ఒక సరుకంటూ దొరికింది. ఆ పనిలో మునిగి ఆయన టీ కూడా తాగేవారు కాదు. కీని ఏడు ముక్కలు చేశారు. ఒక ముక్కను తెర మీద కనపడే చొక్కా బొమ్మలో కలిపేశారు. ఒక ముక్కను తిరగేసి రాశారు. ఇంకొకటి రసీదు అడుగున ఉండే "మళ్ళీ దయచేయండి" అనే మాట వెనకాల పెట్టారు. ఒక ముక్కలోకి తన బావమరిది పుట్టినరోజు కలిపి, దాన్ని తీసేస్తే తప్ప అసలుది తేలకుండా చేశారు. మిగతా మూడింటి సంగతి అప్పుడు మాకు చెప్పలేదు. "అవి నాతోనే పోతాయి," అన్నారు.

వద్దమ్మగారు అంతా విని ఒకే ఒక్కటి అడిగారు. "మెసేజ్ పంపేటప్పుడు ఈ ముక్కలన్నీ కలపాలి కదండీ?"

"కలుపుతుంది."

"ఎక్కడ కలుపుతుంది?"

"దుకాణంలో కంప్యూటర్‌లోనే."

"కలిపాక?"

"కలిపాక బయటికి పంపుతుంది. లేకపోతే ఆ కంపెనీకి ఎలా తెలుస్తుందీ?"

"అయితే ప్రతి మెసేజ్‌కీ ఒకసారి, దాచిందంతా పైకి తీసి, వాళ్ళ నడింట్లోంచి ఊరేగించి పంపిస్తున్నామన్నమాట."

గుట్టుగారు కిటికీ తెర సరిచేశారు. "అది వేరే విషయమమ్మా," అన్నారు. యజమాని గూట్లోంచి చప్పట్లు కొట్టారు. ప్యాకేజీ దుకాణాలకు వెళ్ళిపోయింది.

చాలాకాలం ఏమీ కాలేదు. ఏమీ కాకపోవడాన్ని గుట్టుగారు తన ప్రతిభగా లెక్క వేసుకున్నారు. నడకలో కూడా కొంచెం దర్జా వచ్చింది. ఆ దర్జా ఒక ఉదయం నా ఫోన్‌లోనే కూలింది.

ఫోన్ చేసింది పెద్ద లాండ్రీ ఆయన. ఒకే వీధిలో ఎదురెదురుగా అన్నదమ్ములవి రెండు లాండ్రీలున్నాయి. ఆవిరి ఇస్త్రీ యంత్రం ఎవరికి రావాలన్న తగువులో విడిపోయి, మాటలు మానేసి, ఒకరి గుమ్మం ఒకరు చూసుకుంటూ వ్యాపారం చేసేవారు. ఇద్దరూ మా సాఫ్ట్‌వేరే కొన్నారు. తమ్ముడు కొన్నాడని అన్న, అన్న దగ్గరున్నదాని కంటే కొత్తది కావాలని తమ్ముడు. మేము వాటిని పెద్ద లాండ్రీ, చిన్న లాండ్రీ అనేవాళ్ళం. పెద్ద లాండ్రీ ఆయనకు చెవులు సరిగ్గా వినపడవు. ఎదుటివాళ్ళకూ వినపడదని ఆయన అభిప్రాయం.

"అమ్మా! మెసేజ్ పోవట్లేదు! తెర మీద ఎర్ర డబ్బా వచ్చింది! చదువుతా, రాసుకో!"

"చదవండి బాబాయ్‌గారూ."

"ఈ కీతో పంపిన మెసేజ్ అంగీకరించబడలేదు అని ఉందమ్మా! కింద ఆ కీ ఉంది! కె, ఏడు, చిన్న బీ, సున్నా..."

లోపలి గదిలో కుర్చీ పడిపోయిన చప్పుడైంది. గుట్టుగారు తేలు కుట్టినవాడిలా ఒక్క గెంతులో నా టేబుల్ దగ్గరకొచ్చి, "చదవొద్దనండి! చదవొద్దనండి!" అని గొణిగారు. ఆయన అరుపు కూడా గొణుగుడే.

తర్వాత తెలిసింది ఏమిటంటే, రాసేటప్పుడు ఎక్కడ తప్పు జరుగుతోందో తనకు తెలియడానికి ఆయనే ఆ ఎర్ర డబ్బా పెట్టుకున్నారు. తీసేయడం మరిచిపోయారు.

"బాబాయ్‌గారూ, చదవకండి, అది రహస్యం!" అన్నాను నేను.

"ఆ! గట్టిగా చదవాలా? సరే! కె! ఏడు! చిన్న బీ! సున్నా!"

వెనకనుంచి ఎవరో ఆడగొంతు, "సున్నా కాదండీ, అది ఓ," అంది. బట్టలివ్వడానికి వచ్చిన కస్టమరట. ఇంకొకాయన, "కాదమ్మా, సున్నాకి మధ్యలో గీత ఉంటుంది చూడు," అన్నాడు. ముగ్గురూ కలిసి వాదించుకుని, తప్పులు దిద్దుకుని, మా ఆఫీసు ప్రాణం మొత్తం చివరిదాకా పైకి చదివారు. ఆఖర్న పెద్ద లాండ్రీ ఆయన, "మళ్ళీ మొదట్నుంచి చదవనా?" అని అడిగారు.

గుట్టుగారు నేలమీద పడిన కుర్చీని లేపి అందులో కూలబడ్డారు. వద్దమ్మగారు, "ఇప్పుడే కీ మార్చేద్దాం," అన్నారు. కానీ మార్చడం ఎలా? పాత కీ రద్దు చేస్తే, అది అన్ని దుకాణాల్లోని ప్యాకేజీలోనూ ఉంది కనుక, అన్ని దుకాణాల్లోనూ మెసేజులు ఆగిపోతాయి. ప్రతి చోటికీ వెళ్ళి కొత్తది ఎక్కించాలి. యజమాని ఆలోచించి, "ఆ పెద్దాయనకి అదేంటో తెలుసా? ఏదో యంత్రం నంబరనుకుంటాడు. ఊరుకోండి," అన్నారు. ఊరుకున్నాం.

పెద్దాయనకు నిజంగానే తెలియదు. కానీ ఆయనకొక అల్లుడున్నాడు. పెళ్ళయిన నాటినుంచీ అత్తారింట్లోనే మకాం. కౌంటర్ వెనక కుర్చీలో వాలి ఫోన్ చూసుకోవడం తప్ప ఏ పనీ చెయ్యడని మామగారికి బాధ. అల్లుడు కనుక పైకి అనలేక, తిట్లన్నీ కూతురికి వినిపించేవారు.

కొన్ని వారాల తర్వాత ఒక మధ్యాహ్నం చిన్న లాండ్రీ నుంచి ఫోన్. వెనక జాతర జరుగుతున్నట్టు గోల.

"అమ్మా, మీ సాఫ్ట్‌వేర్ నా కొంప ముంచింది! నా కస్టమర్లందరికీ మెసేజ్ పోయింది, బట్టలు కాలిపోయాయని! నేను ఒక్క రుమాలు కూడా కాల్చలేదమ్మా!"

యజమాని గుట్టుగారినీ నన్నూ కలిపి పంపారు. "ఆయన చూస్తాడు, నువ్వు మాట్లాడు. ఆయన మాట్లాడితే ఎవరికీ వినపడదు."

మేము వెళ్ళేసరికి చిన్న లాండ్రీ ముందు నిలబడటానికి చోటు లేదు. అందరి చేతుల్లోనూ ఫోన్లు, అన్నిటిలోనూ ఒకే మెసేజ్, చిన్న లాండ్రీ పేరు మీద: "మీ బట్టలు కాలిపోయాయి. చింతిస్తున్నాం." నల్ల కోటు కోసం ఒక వకీలు అరుస్తున్నాడు. మర్నాడు పెళ్ళి చేసుకోబోయే కుర్రవాడు సూటు కోసం ఏడుపు మొహం పెట్టుకుని నిలబడ్డాడు. ప్యాంట్లన్నీ ఉతకడానికి వేసేసిన ఒకాయన నడుముకు తువ్వాలు చుట్టుకుని, పైన మాత్రం టై కట్టుకుని వచ్చాడు. ఆఫీసులో వీడియో మీటింగ్ మధ్యలోంచి లేచి వచ్చేశాడట.

చిన్న లాండ్రీ ఆయన చెమటలు కక్కుతూ ఒక్కొక్క బట్టా తీసి చూపిస్తున్నాడు. "ఇదిగోండి మీ కోటు. ఇదిగోండి మీ సూటు. ఎక్కడైనా కాలిందా చూడండి." కాలలేదని తేలాక జనం ఇంకా మండిపడ్డారు. తిట్టడానికి సిద్ధపడి వచ్చినవాడు తిట్టకుండా వెనక్కి వెళ్ళడు. ఒకాయన ఎప్పుడో చిరిగిపోయిన చొక్కా కాలరు చూపించి, "ఇది మాత్రం కాలిందే," అని పేచీ పెట్టాడు.

ఎదురుగుమ్మంలో పెద్ద లాండ్రీ ఆయన చేతులు వెనక్కి కట్టుకుని చూస్తున్నారు. ఆయన మొహంలో ఆనందం ఉంటుందనుకున్నాను. లేదు. ఒక ముసలావిడ ఆయన దగ్గరికెళ్ళి, "నిజంగా కాల్చేశాడా అండీ మీ తమ్ముడు?" అని అడిగింది. ఆయన వీధి అంతా వినపడేలా, "మా తమ్ముడు కాల్చడమ్మా! వాడికి ఇస్త్రీ నేర్పింది నేను! వాడికి లెక్కలు రావు, మర్యాద రాదు, కానీ బట్ట మాత్రం కాల్చడు!" అన్నారు. ఎదురుగా తమ్ముడి చేతిలో సూటు ఒక క్షణం అలాగే ఆగిపోయింది. అన్న మెచ్చుకున్నాడో తిట్టాడో తేల్చుకోలేక మళ్ళీ పనిలో పడ్డాడు.

గుట్టుగారు చిన్న లాండ్రీ కంప్యూటర్ తెరిచి చూశారు. ఆ మెసేజులు అక్కడినుంచి వెళ్ళలేదు. ఆ సంగతి నాతో గొణిగి, "అసాధ్యమమ్మా. కీ లేకుండా బయటివాడు పంపలేడు. కీ ఏడు ముక్కల్లో ఉంది. నన్ను చంపినా ఎవరికీ దొరకదు," అన్నారు.

పెద్ద లాండ్రీ అల్లుడు తమాషా చూద్దామని వీధి దాటి వచ్చి మా వెనకే నిలబడ్డాడు. పాపం, నోరు మూసుకుంటే ఎవరికీ తెలిసేది కాదు. కానీ అంత గొప్ప పని చేసి చెప్పుకోకుండా ఉండటం అతనివల్ల కాలేదు.

"ఏడు ముక్కలా?" అన్నాడు పక్కున నవ్వి. "నాకు ఒకటే కనపడిందండీ."

గుట్టుగారు వెనక్కి తిరిగారు. "ఎర్ర డబ్బాలో చూశావా?"

"ఎర్ర డబ్బా దాకా ఎందుకండీ? అది మొన్న మొన్నటిది. నా దగ్గర అంతకు ముందునుంచే ఉంది. మా కంప్యూటర్‌లోంచి బయటికి ఏమేం పోతోందో చూడటానికి ఒక చిన్న ప్రోగ్రామ్ ఉంటుంది, ఊరికే దొరుకుతుంది. అది పెట్టి కూర్చున్నా. మెసేజ్ పంపగానే మీ సాఫ్ట్‌వేరే కీ మొత్తం అతికించి నా చేతిలో పెట్టింది. దాన్ని పట్టుకుని ఆ కంపెనీని అడిగితే, మీ లాండ్రీలన్నీ ఎవరెవరికి ఏమేం పంపాయో అంతా చూపించేసింది. చినమామగారి కస్టమర్ల నంబర్లతో సహా." అని, కాస్త ఆగి, జాలిగా అడిగాడు: "ముక్కలెందుకండీ చేశారు? అవి కలపడానికి మీకు చాలా కష్టమై ఉంటుందే?"

గుట్టుగారి మొహంలో నెత్తురుచుక్క లేదు. ఆ మనిషిని ఎంత ఎగతాళి చేసినా, ఆ క్షణంలో మాత్రం నాకు నవ్వు రాలేదు. దాక్కున్న చోటికి ఎవరూ వెతుక్కుంటూ రాకపోవడం వేరు. ఆట మొదలవ్వకముందే అందరికీ ఆ చోటు తెలుసని తెలియడం వేరు.

ఎదురుగుమ్మంలోంచి పెద్దాయనకు ఏమీ వినపడలేదు. ముసలావిడ అంతా విని వెళ్ళి చెవిలో చెప్పింది. ఆయన రోడ్డు దాటి, ఆ తగువు తర్వాత మొదటిసారి, తమ్ముడి గుమ్మం ఎక్కారు. అల్లుడివైపు చూశారు. అల్లుణ్ణి ఏమీ అనలేక, అక్కడ లేని కూతుర్ని నోరారా తిట్టారు. తర్వాత తమ్ముడితో, "ఒరేయ్, ఇక్కడున్న బట్టలన్నీ వీడిచేత ఇళ్ళకి మోయించు. నెల రోజులు మోయించు. నేను చెప్పానని చెప్పు," అన్నారు.

"అల్లుడికి ఎవరైనా పని చెబుతారా అన్నయ్యా?" అన్నాడు తమ్ముడు, చాలా తియ్యగా.

"నీకు అల్లుడు కాదుగా వాడు? అన్న కూతురి మొగుడు. చెప్పు," అన్నారు అన్నగారు. చుట్టరికంలో అది ఎంతవరకు చెల్లుతుందో తెలియదు కానీ, తువ్వాలాయన ప్యాంట్లు మాత్రం అల్లుడే మోసుకెళ్ళాడు.

ఆఫీసుకు తిరిగి వచ్చాక యజమాని అంతా విన్నారు. బల్ల మీద వేళ్ళతో తాళం వేశారు. "సరే. ఏడు సరిపోలేదన్నమాట. పద్నాలుగు చెయ్యి."

నేను వద్దమ్మగారి వైపు చూశాను. ఆవిడ నోరు తెరవబోయేంతలో గుట్టుగారు లేచారు. చెయ్యి నోటికి అడ్డం రాలేదు. గొంతు మాకెవరికీ పరిచయం లేనంత పెద్దగా వచ్చింది.

"పద్నాలుగు కాదు సార్, నూట నలభై చేసినా అంతే! అది వాళ్ళ కంప్యూటర్ సార్! వాళ్ళ కొట్లో, వాళ్ళ టేబుల్ మీద ఉంటుంది. నేను వాళ్ళింట్లో వాళ్ళకి తెలీకుండా దాచాననుకున్నాను. వాళ్ళ బీరువాలో వాళ్ళకి తెలీకుండా నేనేం దాస్తాను సార్?"

కింద చెప్పుల దుకాణంవాడు కూడా పైకి చూసి ఉంటాడు. యజమాని నోరు వెళ్ళబెట్టారు. వద్దమ్మగారు మెల్లగా, "నేను చెప్పిందీ అదేనండీ," అన్నారు. ఇన్నాళ్ళకు తన మాట నెగ్గినందుకు ఆవిడ సంతోషించాలి కదా. సంతోషించలేదు. అదే మాట మగగొంతుతో గట్టిగా వస్తే తప్ప యజమాని చెవికి ఎక్కలేదని ఆవిడకు మంట. ఆ మంట చాలా కాలం చల్లారలేదు, చల్లారక్కర్లేదు కూడా.

ఆ రోజు ఇంటికెళ్ళి గుట్టుగారు భార్యతో జరిగిందంతా చెప్పారట. అది ఆవిడే తర్వాత నాకు చెప్పింది. "ఇన్నేళ్ళలో మొదటిసారి ఆయన నాకొక ఆఫీసు సంగతి చెప్పారమ్మా. ఎంత పెద్ద రహస్యమో అని పొయ్యి ఆపేసి మరీ కూర్చున్నా. చివరికేముంది! కనపడ్డ కొట్టుకల్లా మనింటి తాళంచెవి ఒకటిచ్చి, ఎవరికీ చెప్పకండి అన్నారన్నమాట. దీనికోసమా ఇన్నాళ్ళూ గొణిగారు అన్నాను."

"ఆయనేమన్నారు?"

"ఏమంటారు? అన్నం పెట్టమన్నారు."

పాత కీని రద్దు చేశారు. లాండ్రీలన్నిట్లో మెసేజులు ఆగిపోయాయి. నా ఫోన్ ఆగలేదు. గుట్టుగారు సంచీ తగిలించుకుని దుకాణం దుకాణం తిరిగి కొత్త ప్యాకేజీ ఎక్కించారు. వెళ్ళిన ప్రతిచోటా కాలిన బట్టల కథ ఆయనకంటే ముందే చేరి ఉంది. "రండి రండి, ఈసారి ఎన్ని ముక్కలండీ?" అని అడిగేవాళ్ళు. ఒక లాండ్రీ ఆయన టీ తెప్పించి, కప్పును చేత్తో కప్పిపెట్టి, "ఎవరికీ చెప్పకండి, ఇందులో టీ ఉంది," అన్నాడట. గుట్టుగారు అన్నీ భరించి, ఆ టీ తాగి, పని ముగించుకుని వచ్చేవారు.

కొత్త ఏర్పాటు వద్దమ్మగారు మొదట చెప్పినదే. అసలు కీ మా ఆఫీసు కంప్యూటర్‌లో ఉంటుంది, గడప దాటదు. ఒక్కో దుకాణానికి ఒక్కో చిన్న కీ ఇచ్చారు. దానితో ఆ దుకాణం తన కస్టమర్లకే, మేము ఒప్పుకున్న నాలుగు మాటలే పంపగలదు. "కాలిపోయాయి" అన్న మాట ఆ నాలుగింట్లో లేదు. ఆ చిన్న కీ కూడా దుకాణంలోనే ఉంటుంది కనుక దాన్నీ ఎవడైనా కాజేయొచ్చు, ఆ సంగతి ఎవరూ దాచలేదు. కానీ పోతే ఆ ఒక్క దుకాణం సంగతే పోతుంది. ఇక్కడ ఒక్క మీట నొక్కి దాన్ని చెల్లకుండా చేసి ఇంకొకటి ఇచ్చేయొచ్చు.

ఇక్కడితో అందరికీ బుద్ధి వచ్చిందనుకుంటే పొరపాటు. మా యజమానికి ఆ అల్లుడు తెగ నచ్చేశాడు. "అంత తెలివైనవాణ్ణి బయట వదలకూడదు," అని పిలిపించి, భద్రతా సలహాదారు అని కార్డు అచ్చువేయించి, తిరిగే కుర్చీ ఇచ్చారు. అతను మొదటి రోజే ఆ కుర్చీలో కూర్చుని తన ఫోటో తీసుకుని లోకమంతటికీ పంచాడు. అతని వెనక గోడబోర్డు మీద, ఎవరో పరీక్ష కోసం రాసి తుడవడం మరిచిన మా కొత్త అసలు కీ ముత్యాల్లాంటి అక్షరాలతో కనపడుతోంది. ముందుగా చూసింది వద్దమ్మగారు. "వద్దండీ, వద్దండీ" అంటూ ఆవిడ పరిగెత్తేలోపే గుట్టుగారు ఆ కీ మార్చేశారు. ఈసారి ఒక్క లాండ్రీలో కూడా మెసేజ్ ఆగలేదు. ఎవరూ మాకు ఫోన్ చేయలేదు. అల్లుడు రెండు నెలలు కుర్చీ తిప్పి, ఇక్కడ దొంగిలించడానికి ఏమీ మిగల్లేదని విసుగొచ్చి వెళ్ళిపోయాడు.

విసుగు గుట్టుగారికీ వచ్చింది. అది నేను కళ్ళారా చూశాను. ఇదివరకు ఎవరైనా మెసేజుల గురించి అడిగితే ఆయన దగ్గరికే రావాలి. ఏడు ముక్కలూ తెలిసిన మనిషి ఆయనొక్కరే. ఇప్పుడు తెలుసుకోవడానికేమీ లేదు. ఎవరు చేసినా అదే మీట, అదే పని. యజమాని ఆయన్ని గూట్లోకి పిలిచి తలుపు వేయడం మానేశారు. మధ్యాహ్నాలు ఆయన తెర వైపు చూస్తూ, ఎవరికీ అవసరం లేని చొక్కా బొమ్మను ఇంకా అందంగా దిద్దుతూ కూర్చునేవారు.

ఒకరోజు చిన్న లాండ్రీ ఆయన హడావుడిగా ఫోన్ చేశాడు. పాత కంప్యూటర్‌ను పాత సామాన్లవాడికి అమ్మేశాడట, అందులో మా సాఫ్ట్‌వేర్ అలాగే ఉండిపోయిందట, ఇప్పుడు మళ్ళీ ఊరందరి బట్టలూ కాలిపోతాయేమోనని గుండె దడ. నేను గుట్టుగారిని పిలిచి ఫోన్ ఇచ్చాను. ఆయన కుర్చీ ముందుకు లాక్కున్నారు, కళ్ళజోడు తుడుచుకున్నారు, అన్నీ అడిగి తెలుసుకున్నారు. తర్వాత ఒక మీట నొక్కారు. ఇంకొకటి నొక్కారు.

"అయిపోయిందండీ. పాతది ఇక చెల్లదు. కొత్తది మీకొచ్చింది చూడండి."

అవతల మీటలు టకటకలాడాయి. తర్వాత చిన్న లాండ్రీ ఆయన గొంతు నాకు కూడా వినపడింది. "అంతేనా?"

"అంతేనండీ."

"ఓస్, ఈ మాత్రం దానికా అప్పుడు అంత రాద్ధాంతం చేశారు!"

గుట్టుగారు ఫోన్ పెట్టేయబోయి, మళ్ళీ చెవి దగ్గర పెట్టుకుని, "ఇంకోసారి కీ పోయినా నాకే ఫోన్ చెయ్యండి. మొహమాటపడకండి, ఎప్పుడు పోయినా సరే," అన్నారు.